సంతకం వచ్చు, అక్షరం రాదు: అరవై దాటాక చదవడం నేర్చుకున్న ఒక నిమ్మతోట రైతు కేసు

నేను ప్రత్యేక విద్య టీచర్ని. పగలు చదవడంలో ఇబ్బంది పడే పిల్లలతో, సాయంత్రాలు అసలు చదువే రాని పెద్దవాళ్లతో పనిచేస్తాను. ఇక్కడ రాస్తున్నది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర ఒక పల్లెలో ఉండే మహిళ గురించి. ఆధార్ ప్రకారం ఆమెకు 62 ఏళ్లు. ఎకరంలోపు నిమ్మతోట ఉంది. తన తోటలో కోత ఉన్నప్పుడు కాయను మార్కెట్ యార్డుకు తెస్తుంది, లేనప్పుడు అదే యార్డులో కాయలేరే కూలికి పోతుంది. భర్త లేడు. కొడుకు, కోడలు చెన్నైలో ఉంటారు. ఏమేం రాస్తానో ముందే చెప్పి, ఆమె సరే అన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు బయటపెట్టడం లేదు.

ఆమెను నా దగ్గరికి తెచ్చింది ఒక కాటా చీటీ. తూకం అయ్యాక ఇచ్చే ఆ చీటీ మీద బరువు, తరుగు, కమీషను, కూలి, చివర చేతికొచ్చే డబ్బు వరసగా రాసి ఉంటాయి. అంకెలు ఆమెకు వచ్చు. అంకె పక్కనున్న మాట ఏంటో తెలియదు. ఏది తరుగో ఏది కూలో ఎవరో ఒకరు చదివి చెప్పాలి. "నా కాయ, నా చీటీ. అందులో ఏముందో ఇంకొకరి నోటి నుంచి వినాల్నా టీచరమ్మా?" అని అడిగింది.

చదువుకోవాలని ఎందుకు అనిపించిందని అడిగితే చాలామంది పెద్దవాళ్లు "ఊరికే" అంటారు. ఆమెకు మాత్రం ఏం చదవాలో ఖచ్చితంగా తెలుసు. కాటా చీటీ, బస్సు బోర్డు, డ్వాక్రా సంఘం రిజిస్టర్లో తన పేరుకు ఎదురుగా రాసిన సంగతి. ఆ మూడే మా సిలబస్ అయ్యాయి.

ముప్పై ఏళ్ల నాటి సంతకం

ఆమెకు సంతకం వచ్చు. తడబడకుండా, ఒక్క ఊపులో పెడుతుంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే రాత్రి బడి కథ చెప్పింది.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊరూరా వాలంటీర్లు, లాంతరు వెలుగులో పలకలు. పగలంతా నాట్లకో కలుపుకో పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి వచ్చి కూర్చునేవాళ్లు. ఆ బడుల్లో సారా గురించి మొదలైన మాటలే దూబగుంట ఆడవాళ్లను సారా అంగడి మీదికి కదిలించాయి. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. చదువు ఒక జిల్లాను అంతగా కదిపిన సందర్భం మన రాష్ట్ర చరిత్రలో మరొకటి నాకు కనిపించదు. ఆ చరిత్రలో మా జిల్లా ఉన్నందుకు నాకు గర్వంగా ఉంటుంది.

అయితే ఆమె ఆ బడికి కొన్ని వారాలే వెళ్లగలిగింది. కాన్పు, తర్వాత తోటపని, అంతటితో ఆగిపోయింది. మిగిలింది సంతకం ఒక్కటే. అప్పటి నుంచి బ్యాంకులో, సంఘంలో, రేషన్ షాపులో అదే సంతకం పెడుతూ వచ్చింది.

నేను చేసిన మొదటి పరీక్ష ఆ సంతకం మీదే. కాగితం మీద పేరు రాయించి, రెండో అక్షరం తప్ప మిగతావి అట్టముక్కతో కప్పి, ఇదేంటి అని అడిగాను. చెప్పలేకపోయింది. ఆ రెండో అక్షరం ఒక్కటే రాయమంటే చెయ్యి ఆగిపోయింది. మొదటి అక్షరం నుంచి ఎత్తుకుంటేనే రెండోది వస్తోంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే పోవాలి.

ఈ కేసు మొత్తానికి కీలకం ఇక్కడే ఉందని నాకు అనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా ఆమె రాస్తూనే ఉంది, కానీ ఆ రాతలో కంటికి పని లేదు. చేతి కదలిక ఒకటి మొదలైతే తర్వాతి కదలికను అదే పిలుచుకుంటుంది. సైకిల్ తొక్కడం లాంటి నైపుణ్యాలను నిలబెట్టే వ్యవస్థలే, అంటే చేతిని కదిలించే మెదడు భాగం, చిన్నమెదడు, లోపలి బేసల్ గాంగ్లియా, ఆ సంతకాన్నీ పట్టి ఉంచాయి. అక్షరాన్ని చూసి శబ్దం పలికే దారి మాత్రం తెరుచుకోలేదు. ఎందుకంటే ఆ దారి మీద ఎవరూ ఆమెను నడిపించలేదు. మెదడు మారుతుంది. కానీ ఏ పని చేయిస్తే ఆ పనికి మాత్రమే మారుతుంది.

మొదలుపెట్టే ముందు చూసినవి

అన్నిటికంటే ముందు కళ్లు. నలభై దాటాక కంటిలోని కటకం బిగుసుకుపోయి దగ్గరి చూపు తగ్గుతుంది. ఇది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. యార్డులో చేయి చాచినంత దూరంలో కాయ స్పష్టంగా కనబడుతుంది కాబట్టి తన చూపు బాగుందనే ఆమె నమ్మకం. వాచకం చేతికిస్తే అక్షరాలు అలుక్కుపోయాయి. నెల్లూరులో కంటి పరీక్ష చేయించి దగ్గరి చూపు అద్దాలు తీసుకున్నాం. ఒక కంటిలో శుక్లం మొదలైంది కానీ ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. అద్దాలు పెట్టకుండానే "ఈ వయసులో బుర్రకెక్కదులే" అని తేల్చేసిన వాళ్లను ఎంతమందినో చూశాను. ఆ మాట వినగానే నాకు బాధ, కోపం రెండూ కలుగుతాయి. అక్కడ ఎక్కనిది బుర్రకు కాదు, కంటికి.

తర్వాత చెవి. "నిమ్మకాయ" అనే మాటకు చప్పట్లు కొట్టమంటే ని, మ్మ, కా, య అని నాలుగు కొట్టింది, సరిగ్గా. "కాయ"లో మొదటిది తీసేస్తే ఏం మిగులుతుంది అంటే "య" అంది. కానీ "కా", "కీ", "కూ" మూడింటిలో ఒకేలా ఉన్నదేంటి అంటే అర్థం కాలేదు. ఇది ఆమె లోపం కాదు. 1979లో జోసే మొరాయిస్ బృందం పోర్చుగల్‌లో చూపించింది ఇదే: చదువు రాని పెద్దవాళ్లు మాటలోంచి ఒక్క హల్లును విడదీయలేకపోయారు, పెద్దయ్యాకే చదువు నేర్చుకున్నవాళ్లు విడదీయగలిగారు. శబ్దాన్ని అంత సన్నగా చీల్చి వినడం వయసుతో వచ్చేది కాదు, అక్షరంతో వచ్చేది. తెలుగులో మనకు ఒక సౌకర్యం ఉంది. మన అక్షరం దాదాపు ఒక చప్పట్టు ఎంతో అంత. కాబట్టి మొదటి మెట్టు సులువు. చిక్కు గుణింతం దగ్గర మొదలవుతుంది.

చివరగా, ఆమెకు ఇప్పటికే ఉన్న బలం. యార్డులో ఆమె పని చూడ్డానికి ఒక రోజు వెళ్లాను. కుప్ప ముందు కూర్చుని పండుకాయ, పచ్చికాయ, చిన్నకాయ, మచ్చకాయ అని నాలుగు వైపులకు వేస్తోంది. నాతో మాట్లాడుతూనే. మచ్చ ఎక్కడ ఉంటే కాయ రెండు రోజుల్లో చెడుతుందో, ఏ మచ్చ పైపైనిదో ఆమె కళ్లు క్షణంలో తేల్చేస్తున్నాయి. నేను ప్రయత్నిస్తే ప్రతి కాయనూ తిప్పి తిప్పి చూడాల్సి వచ్చింది. సన్నటి తేడాలను పట్టుకోవడంలో ఏళ్ల తరబడి సానపట్టిన చూపు అది. చదువుకు కావాల్సిన ముడిసరుకు అదే.

మెదడులో ఏం జరుగుతుంది

చదవడానికంటూ పుట్టుకతో వచ్చే భాగం మెదడులో లేదు. మనిషి రాయడం మొదలుపెట్టి అయిదు వేల ఏళ్లకు కాస్త పైన. దానికోసం మెదడులో కొత్త భాగం పరిణామంలో పుట్టుకురావడానికి ఆ కాలం చాలదు. అందుకే చదువు నేర్చుకునే ప్రతి మనిషిలోనూ, వేరే పని చేస్తున్న నాడీకణాలే అక్షరాల పనికి మళ్లాలి.

అవి ఎక్కడ మళ్లుతాయో ఒక రోగి వల్ల మొదట తెలిసింది. 1892లో ఫ్రెంచి వైద్యుడు జూల్ డెజరీన్ వర్ణించిన ఆ రోగి పక్షవాతం వచ్చాక చక్కగా మాట్లాడగలిగాడు, రాయగలిగాడు కూడా. తాను రాసింది తానే చదవలేకపోయాడు. మా విద్యార్థిని పరిస్థితి దానికి పోలిక ఉన్నట్టు కనిపించినా కారణం వేరు. అతనిది ఉండి తెగిపోయిన దారి, ఈమెది ఇంకా పడని దారి. ఎడమవైపు, మెదడు వెనుక కింది భాగంలో అక్షరాలకు ప్రత్యేకంగా స్పందించే చోటుకు 2000లో లారెంట్ కోహెన్, స్టానిస్లాస్ డెహేన్ బృందం విజువల్ వర్డ్ ఫామ్ ఏరియా అని పేరు పెట్టింది. చదువు రానివాళ్లలో ఆ చోటు ఖాళీగా ఉండదు. ముఖాలకు, వస్తువులకు, ఆకారాల్లో తేడాలకు స్పందిస్తూ ఉంటుంది.

పెద్దయ్యాక నేర్చుకుంటే ఈ మళ్లింపు జరుగుతుందా అన్నదే నాలాంటి వాళ్లకు కావాల్సిన ప్రశ్న. 2010లో డెహేన్ బృందం బ్రెజిల్, పోర్చుగల్ దేశాలకు చెందిన 63 మందిని పరిశీలించింది. వాళ్లలో చదువు రానివాళ్లు, చిన్నప్పుడు బడికి వెళ్లినవాళ్లు, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లలో కూడా ఆ చోటు అక్షరాలకు స్పందించింది. మాటలు వింటున్నప్పుడు శబ్దాలను విడదీసే భాగం కూడా చదువు వచ్చినవాళ్లలో ఎక్కువ చురుగ్గా ఉంది. మన దేశంలోనే, లక్నో చుట్టుపక్కల పల్లెల్లో హిందీ మాట్లాడే పెద్దవాళ్లకు ఆరు నెలలు దేవనాగరి నేర్పి, ముందూ తర్వాతా ఎమ్మారై తీశారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో మార్పు మెదడు పైపొరలకే ఆగలేదు. లోపల కంటి నుంచి వచ్చే సంకేతాలను పైకి అందించే థాలమస్‌కూ, మెదడు కాండానికీ, చూపు చూసుకునే భాగానికీ మధ్య సమన్వయం పెరిగింది.

ఈ సంగతులు నేను ఆమెకు నాకు చేతనైన మాటల్లో చెప్పాను. శ్రద్ధగా విని ఒక ప్రశ్న వేసింది: "కాయలు చూసే చోట అచ్చరాలు పెడితే, కాయలేరేది మర్చిపోతానా?"

నిజంగా పరిశోధకులు వేసుకున్న ప్రశ్నే అది. 2010 ఫలితాల్లో, అక్షరాలు చోటు చేసుకున్న ఆ ఎడమ ప్రాంతంలో ముఖాలకు స్పందన కొంచెం తగ్గినట్టు కనబడింది. ఉత్తర భారతంలో చేసిన అధ్యయనం ఆధారంగా 2019లో వచ్చిన పత్రంలో అలాంటి నష్టం కనబడలేదు. పాత పనికి దెబ్బ తగలకుండానే ఆ కణజాలం కొత్త పనికి ఉపయోగపడుతోందని రాశారు. ఏది ఏమైనా చదువుకున్నందుకు మనుషుల్ని గుర్తుపట్టలేకపోయినవాళ్లు ఎవరూ లేరు. మర్చిపోవు పెద్దమ్మా అని చెప్పాను. ఆ తర్వాతే ఆమె పలక గట్టిగా పట్టుకుంది.

కణాల స్థాయిలో జరిగేది పిల్లల్లోనూ పెద్దల్లోనూ ఒకటే. కలిసి పదేపదే ఉత్తేజమయ్యే నాడీకణాల మధ్య లంకె బలపడుతుందని 1949లో డోనాల్డ్ హెబ్ ఊహించాడు. 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో కుందేళ్ల మెదడులో అలాంటి బలపడటాన్ని కొలిచి చూపించారు. వయసు వల్ల వేగం తగ్గుతుంది, ఎక్కువ సార్లు చేయాల్సి వస్తుంది. అరవై ఏళ్ల దగ్గరి వాళ్లకు మూడు బంతులు ఎగరేసి పట్టడం నేర్పిన జర్మన్ అధ్యయనం 2008లో వచ్చింది. కుర్రవాళ్లతో పోలిస్తే తక్కువ మందికే అది పట్టుబడింది, అయినా నేర్చుకున్నవాళ్ల మెదడులో కొలవదగ్గ మార్పు కనిపించింది.

ఆమె మెదడును ఎవరూ స్కాన్ చేయలేదు. ఇక నుంచి నేను చెప్పేదంతా ఆమె చదువుతుంటే, రాస్తుంటే నేను గమనించిందే.

కార్డుల కుప్ప

అ, ఆ, ఇ, ఈ నుంచి మొదలుపెట్టలేదు. వరస ఆమెకు వరమూ శాపమూ కూడా. క, కా, కి, కీ అని గుణింతం ఒక్క బిగిని అప్పజెబుతుంది, రాత్రి బడి నుంచి నోటికి వచ్చేసింది. మధ్యలో "కు" కార్డు చూపిస్తే మళ్లీ క నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ రావాలి. సంతకంలో చెయ్యి చేసిన పనే ఇక్కడ నోరు చేస్తోంది. వరసను పగలగొట్టడమే మా మొదటి పని అని నిర్ణయించుకున్నాను.

మొదటి మాటలు ఆమె చీటీ నుంచే తీశాను: కాటా, కాయ, కూలి, తరుగు, బరువు. ఈ మాటల్లో వత్తులు లేవు. ఒక్కో అక్షరాన్ని అట్టముక్కల మీద రకరకాలుగా తయారుచేశాను. నా చేతిరాత, పేపర్లో కత్తిరించినవి, పాత చీటీల్లోని గొలుసుకట్టు రాత, బస్సు బోర్డుల ఫోటోలు. అన్నీ కలిపి కుప్పగా పోసి, "ఏరు పెద్దమ్మా" అన్నాను.

నవ్వింది. కూర్చుని ఏరడం మొదలుపెట్టింది.

పేరు పలకకుండా ముందు ఆకారం బట్టి విడదీయడమే. లావు "క", సన్న "క", వంకర "క" అన్నీ ఒక వైపుకే పోవాలి. చదవడంలో కంటికి అసలు కష్టం ఇదే: సైజు, రాత మారినా అక్షరం అదేనని తెలుసుకోవాలి, చిన్న గీత మారితే మాత్రం వేరే అక్షరమని తెలుసుకోవాలి. ఏ తేడాను పట్టించుకోవాలో, ఏ తేడాను వదిలేయాలో అన్నది కాయలేరేటప్పుడు ఆమె రోజంతా చేసే తీర్పే. రెండో వారానికి నేను కత్తిరించి పెట్టే వేగం ఆమె ఏరే వేగానికి చాలలేదు.

తర్వాత పోలిక ఉన్నవి కలిపాం. వ, ప కలిశాయి. న, స కలిశాయి. తలకట్టు ఒంటికి అతుక్కుని ఉందా, విడిగా పైన ఉందా చూడమన్నాను. ఆ ఒక్క గుర్తుతో రెండు జంటలూ విడిపోయాయి. మ, య, "వు" మాత్రం చాలా రోజులు ఇబ్బంది పెట్టాయి. వాటిని ఒకేసారి పరిచయం చేయకుండా, "కాయ"లో య స్థిరపడ్డాక "మాట"లో మ, అదీ కుదిరాక "బరువు"లోని వు, ఆ తర్వాతే మూడూ ఒకే కుప్పలో వేశాను.

ఆకారం స్థిరపడిన ప్రతి అక్షరాన్నీ పలుకుతూ చేత్తో రాయించాను. పెద్దవాళ్లు కొత్త అక్షరాలను కీబోర్డు మీద కొట్టి నేర్చుకున్నదానికంటే చేత్తో రాసి నేర్చుకుంటే బాగా గుర్తుపట్టారని ఫ్రాన్స్‌లో మారికే లాంగ్‌కాంప్ బృందం చూపించింది. అయితే సంతకం అనుభవం ఉంది కాబట్టి ఒక షరతు పెట్టుకున్నాను. ఒకే అక్షరాన్ని పేజీ నిండా రాయించకూడదు. నేను శబ్దం చెప్పాలి, ఆమె గుర్తుతెచ్చుకుని ఒక్కసారి రాయాలి, వెంటనే ఇంకో శబ్దం. చూసి దించడం వద్దు.

సమయం కూడా అలాగే. గంటలు గంటలు కూర్చోబెట్టలేదు. యార్డు మొదలయ్యే ముందు కాసేపు, సాయంత్రం మళ్లీ కాసేపు. ప్రతిసారీ కొత్తది చెప్పే ముందు నిన్నటిది చూడకుండా గుర్తుచేసుకోవాలి. విడివిడిగా, మధ్య విరామమిచ్చి నేర్చుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుందన్నది 1885లో హెర్మన్ ఎబింగ్‌హాస్ దగ్గర నుంచి పదేపదే తేలిన విషయం. రాత్రి నిద్ర సరిగా లేని మర్నాడు ఆమె తప్పులు ఎక్కువ చేసేది. నేర్చుకున్నది నిద్రలో స్థిరపడుతుంది కాబట్టి అలాంటి పొద్దుల్లో కొత్తది మొదలుపెట్టేదాన్ని కాదు.

గుణింతం అనే గట్టు

రెండు నెలలు గడిచేసరికి చీటీలోని మాటలు చదవగలిగింది. తర్వాత ఆగిపోయింది. కొత్త మాట ఇస్తే తలకట్టు స్థానంలో గుడి వచ్చిందని కన్ను చూస్తోంది, దానివల్ల శబ్దం ఎలా మారుతుందో చెవికి అందడం లేదు. నిజానికి ఇక్కడే చాలామంది పెద్దవాళ్లు మానేస్తారు.

నేను చేసింది నిలువు గుణింతం మానేసి అడ్డం పట్టుకోవడం. కి, మి, టి, పి, లి. అన్నిటికీ గుడి ఒకటే, నోరు సాగే తీరు ఒకటే. పలికేటప్పుడు పెదాలు ఎలా ఉన్నాయో చిన్న అద్దంలో చూసుకోమన్నాను. తర్వాత కు, ము, టు, పు, లు. పెదాలు సున్నాలా ముందుకు వస్తాయి. చెవి పట్టుకోలేని పోలికను మొదట నోరు, అద్దం పట్టుకున్నాయి. కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం తనంతట తానే, "కూలి, కూర, కూతురు... అన్నిట్లో మొదట నోరు ఒకేలాగ ఉంది గదమ్మా" అంది. ఆ మాటలో ఉన్నది చిన్న విషయం కాదు. అరవై ఏళ్లు ఆ మాటలు అంటూ వింటూ ఉన్న మనిషి మొదటిసారి వాటి లోపలి శబ్దాన్ని విడిగా వింటోంది.

ఖ, ఘ, ఛ, ధ, భ లాంటి ఒత్తు అక్షరాలను చాలా ఆలస్యంగా తెచ్చాను. ఆమె మాటలో "బ"కూ "భ"కూ తేడా లేదు. చెవిలో లేని తేడాను అక్షరంలో ముందే పెడితే గందరగోళం తప్ప లాభం లేదు. వాచకాలు రాసేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలని గట్టిగా కోరుకుంటాను.

మార్చి నుంచి నిమ్మకు గిరాకీ. ఆ ఎండాకాలం పొద్దున్నే తోటకు, అటు నుంచి యార్డుకు. చదువు పూర్తిగా ఆగిపోయింది. జూన్‌లో మళ్లీ కూర్చుంటే వత్తులు దాదాపు అన్నీ పోయాయి, పోలిక అక్షరాలు మళ్లీ కలిసిపోయాయి. ఆమె చాలా దిగులు పడింది. కానీ మొదటిసారి నెలలు పట్టినవి ఈసారి వారాల్లోనే తిరిగొచ్చాయి. బంతులు ఎగరేయడం మీద 2004లో జరిగిన మొదటి అధ్యయనంలో సాధన మానేసిన మూడు నెలలకు మెదడులో వచ్చిన మార్పు వెనక్కి తగ్గింది. వాడనిదాన్ని మెదడు పెంచి పోషించదు. అలాగని పూర్తిగా తుడిచేయదు కూడా. మర్చిపోయామనుకున్నది రెండోసారి నేర్చుకోవడానికి తక్కువ శ్రమ చాలునని ఎబింగ్‌హాస్ అప్పుడే కొలిచి చెప్పాడు. పని సీజను ఉన్న ఊళ్లలో చదువు చెప్పేవాళ్లు ఈ విరామాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. విరామంలో కూడా రోజుకు ఒక్క చీటీ చదివినా చాలా నిలబడుతుంది.

బ్యాంకులో వచ్చిన చిక్కు

ఇది నేను ముందుగా ఊహించనిది. అక్షరాలు కుదురుకున్నాక ఆమె తన సంతకాన్ని తానే చదువుకుంది. అందులో ఒక వత్తు లేదు. ముప్పై ఏళ్ల కిందట ఎవరో రాసిచ్చినదాన్ని దించుకునేటప్పుడు పోయిందో, తర్వాత చేతి ఊపులో అరిగిపోయిందో తెలియదు. "ఇన్నేళ్లూ నా పేరు తప్పు రాస్తా ఉన్నానా" అని కాసేపు మౌనంగా కూర్చుంది. మర్నాటి నుంచి వత్తు పెట్టి రాయడం మొదలుపెట్టింది.

దాంతో పాటు రాత తీరే మారిపోయింది. ఇప్పుడు ఒక్కో అక్షరాన్ని చూసి, ఆగి, రాస్తోంది. పాత ఊపు లేదు. బ్యాంకులో డబ్బు తీయబోతే సంతకం సరిపోలడం లేదన్నారు. కొత్త నమూనా సంతకం ఇచ్చి, ఆధార్ చూపించి, రెండుసార్లు తిరిగితేగానీ పని కాలేదు. ఆ టెన్షన్‌లో ఒక వారం పలక ముట్టుకోలేదు. పెద్దవాళ్లకు చదువు చెప్పే ఎవరికైనా నా సూచన: పేరు రాయడం కొత్తగా నేర్పుతున్నప్పుడే బ్యాంకుకు వెంట వెళ్లి నమూనా సంతకం మార్పించండి. అప్పటిదాకా పాతదే పెట్టమనండి.

ఎంత వచ్చింది, ఎంత రాలేదు

కాటా చీటీ ఆమె స్వయంగా చదువుతోంది, గొలుసుకట్టు రాత మరీ వంకరగా ఉంటే తప్ప. సంఘం రిజిస్టర్లో తన పేరు, కంతు, బాకీ చదివి చూసుకున్నాకే సంతకం పెడుతోంది. ఒకసారి పొదుపు మొత్తం కింది వరసలో పడిందని తనే చూపించి సరిచేయించింది.

బస్సు బోర్డుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. అయితే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి కొన్ని రకాల బస్సుల్లోనే. కాబట్టి ఊరి పేరుతో పాటు ఏ రకం బస్సో కూడా తెలియాలి. నెల్లూరు, రాపూరు, ఆత్మకూరు తేలిగ్గా చదివింది. "పల్లెవెలుగు", "ఎక్స్‌ప్రెస్" కూడా చదువుతోందని సంతోషించాను. అనుమానం వచ్చి అవే మాటలు తెల్ల కాగితం మీద మామూలుగా రాసి ఇస్తే మొదటిది కూడబలుక్కుని చదివింది, రెండోది చదవలేదు. బోర్డు మీద దాన్ని బొమ్మలా గుర్తుపడుతోంది. అవసరానికి అది సరిపోతుంది, తప్పేమీ లేదు. కానీ దాన్ని చదవడం కింద లెక్కేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఏ మాటనైనా చోటు మార్చి, రాత మార్చి ఇచ్చి చూశాకే వచ్చిందని రాసుకుంటాను. "స్త్రీ" లాంటి మూడంతస్తుల అక్షరం ఇంకా కష్టమే.

వేగం తక్కువ. తెలిసిన మాటలున్న వాక్యాలు కూడా నిమిషానికి ఇరవై మాటలు దాటడం లేదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతోంది. చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్లు మాటను చూడగానే మొత్తంగా పట్టేస్తారు. పెద్దయ్యాక కొత్త లిపి నేర్చుకున్నవాళ్లు చాలాకాలం అక్షరం అక్షరంగానే చదువుతారని హెలెన్ అబాద్జీ ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. మెదడు జీవితాంతం మారుతుందని చెప్పేవాళ్లు ఈ సగాన్ని కూడా చెప్పాలి. మారుతుంది, కానీ ఏడేళ్ల పిల్ల మెదడు మారినంత తేలిగ్గా, అంత దూరం మారకపోవచ్చు. ఆమె పేపరు గడగడా చదివే రోజు వస్తుందో రాదో నేను మాటివ్వలేదు. తన చీటీ తాను చదువుకోవడానికి ఆ వేగం అవసరం లేదు కూడా.

వేగం కోసం ఇప్పుడు ఒకటే చేస్తున్నాం. చిన్న పేరాను, అదే పేరాను, రోజుల తేడాతో మళ్లీ మళ్లీ బయటికి చదవడం. ఆ పేరాలు ఆమె చెప్పిన సంగతులే, నేను రాసిపెట్టినవి: తోటలో బోరు ఎండిన ఏడాది, కొడుకు పెళ్లి, రాత్రి బడి రోజులు. తన మాటే కాబట్టి తర్వాతి మాట ఏమొస్తుందో కొంత ఊహించగలదు, కళ్లకు బరువు తగ్గుతుంది. ఊహించి చెప్పేస్తోందా, చూసి చదువుతోందా తెలుసుకోవడానికి మధ్యలో ఒక్కో మాట మార్చి పెడతాను. మొదట్లో పట్టుకోలేదు. ఇప్పుడు సగానికి పైగా పట్టుకుని, "నేనిట్టా చెప్పలేదే" అంటోంది.

ఆమెను చూసి యార్డులో మరో ఇద్దరు అడుగుతున్నారు. ఒకామెకు చాలాకాలంగా షుగరుంది, చూపు మసకగా ఉంటోందంటోంది, కాబట్టి అక్షరాల కంటే ముందు కంటి వెనుక పొర పరీక్ష చేయించాలి. ఇంకొకామె ఈ మధ్య తెలిసిన మనుషుల పేర్లు, ఇంటి దారి కూడా మర్చిపోతోందని కూతురు చెప్పింది. ఆమెను చదువుకు తీసుకునే ముందు న్యూరాలజీ డాక్టరుకు చూపించమన్నాను. కొత్తది నేర్చుకోవడం నిదానంగా ఉండటం వేరు, ఉన్నది పోతూ ఉండటం వేరు. రెండోదానికి పలకా బలపం వైద్యం కాదు.